ఉప్పుజాడియు చుట్టలపెట్టెయు

వర్షర్తువున ఉప్పుజాడి మూత తీసిచూచిన యిల్లాలికి గాలిలో నీరు గలదని వేఱొకరు చెప్పనక్కఱలేదు. నిన్న పొడిపొడిగా నున్న యుప్పు నేడు చెమ్మగిలి జాడి యడుగున నీరై నిలుచును. అప్పడములు మెత్తబడును, తలుపుచెక్కలు ఉబ్బి బిగిసికొనును. వస్తువులన్నియు గాలియందలి నీటిని త్రాగుచు, మరల విడుచుచు నుండును. ఈ చిన్న సత్యముపైననే యొక విలాసవస్తువు యొక్క చరిత్ర యాధారపడియున్నది. సిగారనబడు చుట్టను పాడుగాకుండ నిలువచేయుటకై పాశ్చాత్యులు కల్పించుకొన్న పెట్టెకు హ్యూమిడరని పేరు. మనము దానిని తేమపెట్టె యందము. పొగత్రాగుట మంచిదని చెప్పుట కీ వ్యాసము వ్రాయబడలేదు. ఒక యాకు పదును కాపాడుటకు మనుష్యు లెంత బుద్ధి వెచ్చించిరో, ఆ యాకును చుట్టినవారి యూపిరి యెడల నెంత యుపేక్ష చూపిరో తెలిసికొనుటయే మన యుద్దేశము.

1492లో కొలంబసు పరివారము క్యూబా ద్వీపమున జనులు ఆకులను చుట్టి పొగత్రాగుట చూచిరి. 1717లో స్పెయిను ప్రభుత్వము ఆ ద్వీపపు పొగాకు వర్తకమును తన గుత్తకు తీసికొనగా రైతులు తిరుగబడిరి. ఆ గుత్త 1817లో తొలగెను. పిమ్మట హవానా నగరమున కార్ఖానాలు వృద్ధినొందెను. చుట్టలను సీడరు చెక్కపెట్టెలలో సర్ది దూరదేశములకు పంపుట యాచారమయ్యెను. పేరునకు సీడరేకాని యీ చెట్టు దేవదారు జాతిది గాదు. మన వేపచెట్టు కుటుంబమునకు చెందినది. దాని చెక్క గాలిలో తేమ హెచ్చినప్పుడు కొంత పీల్చి, తగ్గినప్పుడు మెల్లగా విడుచును.

హవానా గాలి స్వభావముచేతనే చెమ్మగలది. చుట్ట లండను చేరినప్పుడే చిక్కు వచ్చెను. సున్న డిగ్రీల చలిగాలి ఘనమీటరునకు సుమారు 5 గ్రాముల నీటిని మాత్రమే మోయగలదు. 20 డిగ్రీల గాలి 17 గ్రాములు మోయగలదు. కావున శీతకాలమున బయటిగాలిని లోనికి తెచ్చి కుంపటిచే వెచ్చజేసినచో, అందలి నీరు మారకున్నను, మోయదగినదానిలో నూటికి 30 పాళ్లైన నుండదు. దాహముగొన్న యా గాలి చుట్టలోని నీటిని లాగివేయును. గాలి మోయగలిగిన నీటిలో వాస్తవముగా మోయుచున్నది నూటి కెన్ని పాళ్లో, దానినే సాపేక్ష ఆర్ద్రత యందురు.

ఈ పాళ్లను కొలుచుట యెట్లు? పూర్వులకు చేతివ్రేళ్లే కొలమానము. గోదావరి లంకల పొగాకు రైతును నేడడిగినను, మంచు కురిసిన తెల్లవాఱుజామున ఆకు పదునెక్కినప్పుడే దానిని కదల్పవలెననియు, ఎండవేళ ముట్టుకొన్నచో పొడియై రాలుననియు చెప్పును. ఆ జ్ఞానము గొప్పదే. కాని యొకని వ్రేళ్ల నేర్పు మఱియొకని కప్పగించుటకు వీలులేదు. జినీవా నగరవాసియగు సోసూర్ పండితుడు 1783లో ప్రకటించిన గ్రంథమున ఈ కొఱత తీర్చెను. జిడ్డు పోగొట్టిన మనుష్యుని తలవెండ్రుక తేమలో సాగుననియు, ఎండినప్పుడు కుదించుకొనుననియు కనిపెట్టి, ఆ వెండ్రుకకు ముల్లు తగిలించి యతడు యంత్రము చేసెను. నాటినుండి తేమకు అంకె యేర్పడెను.

ఆ యంకె చుట్టలపెట్టెలో ప్రవేశించిన పిదప కాపుదల యొక శాస్త్రమయ్యెను. 20 డిగ్రీల దాపు వెచ్చదనమున నూటికి 70 పాళ్ల తేమ చుట్టకు తగినదని పెద్దల నిర్ణయము. అంతకు మిక్కిలి తగ్గినచో పైయాకు పెళుసెక్కి పగులును, పరిమళము పోవును, పొగ ఘాటెక్కును. 75 దాటినచో బూజు పట్టును. వెచ్చదన మెక్కువైనచో పొగాకుపురుగు గ్రుడ్లు పిగిలి చుట్టకు సూదిబెజ్జములు పడును. క్రొత్త పెట్టెలో వెంటనే చుట్టలుంచరాదు. ఎండిన చెక్క వాని తేమనే త్రాగివేయును. ముందుగా బట్టిపట్టిన నీటిని గిన్నెతో లోపలనుంచి, కొన్నిదినములు మూత మూసి చెక్క దప్పిక తీర్పవలెను. ఎండిన చుట్టకు త్వరపడి నీరు పట్టించినచో పైయాకు పగులును. ఓపికతో దినదినము కొంచెముగా పట్టింపవలెను.

కొలమానమే తప్పు చెప్పినచో? దీనికి వంటింటి యుప్పే తీర్పరి. శుద్ధమైన యుప్పును చిన్న మూతలో పోసి, కొన్ని చుక్కల నీటితో ముద్దగా తడిపి, కొలమానముతోగూడ గాలి చొరని సంచిలో నొకరాత్రి యుంచవలెను. లోపలి గాలి సరిగా 75 పాళ్లకు వచ్చి నిలుచును. ముల్లు 71 చూపినచో కొలమానము 4 పాళ్లు తక్కువ చెప్పుచున్నదని గ్రహింపవచ్చును. గాలి 75 పాళ్లు దాటినప్పుడే శుద్ధమైన యుప్పు కరగుట కారంభించును. జాడి చెమ్మగిల్లుట చూచి వర్షము తెలిసికొన్న మన యవ్వలు ఈ శాస్త్రమునే పేరులేక యెఱిగియుండిరి.

ధనికుల చుట్టలకు జరిగిన మర్యాదకు మేరలేదు. 1907లో లండను డ్యూకువీథిలో అంగడి తెఱచిన ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ వర్తకులు, కొనువారి చుట్టలను తామే పదునుచెడకుండ భద్రపఱచుచుండిరి. 1941 ఏప్రిలు నెలలో ఆ యంగడిపై బాంబు పడినప్పుడు, ఆ రాత్రియే ప్రధానమంత్రి చర్చిలునకు, తమ చుట్టలు క్షేమమని వర్త పంపిరని చెప్పుదురు. నగరమంతయు మండుచుండగా చుట్టల క్షేమసమాచారము!

ఇక రెండవ గది చూతము. చుట్ట పెట్టెలోనికి రాకపూర్వము ఒకరి చేతిలో చుట్టబడినది. అప్పుడును దానికి తేమ కావలసియుండెను. ఆకు ఆఱిపోకుండుటకై కార్ఖానాలలో కిటికీలు మూసియుంచుట వాడుక. ఆ ధూళిలో, ఆ యుక్కలో కూర్చున్న పనివారిలో క్షయరోగ మెక్కువగా నుండెను. హవానాలో 1865 నుండి పనివారు తమ కూలిలో కొంత తీసియిచ్చి, పనిచేయునంతసేపు వార్తాపత్రికలను, గ్రంథములను బిగ్గరగా చదువువాని నొకని నియమించుకొనిరి. మూసిన గదిలో వారు తెఱచుకొన్న కిటికీ యదియొక్కటే. మఱుసటి సంవత్సరమే ప్రభుత్వము దానిని నిషేధించెను.

న్యూయార్కు నగరమున స్థితి యింకను ఘోరము. అక్కడ బొహీమియానుండి వచ్చిన కుటుంబములు, వండుకొని తిని నిద్రించు గదులలోననే పిల్లలతోగూడ చుట్టలు చుట్టుచుండిరి. ఇల్లు అద్దెకిచ్చినవాడే పలుచోట్ల పని యిచ్చువాడు. తానును చుట్టలు చుట్టి బ్రతికిన శామ్యుయేలు గాంపర్సు ఈ గదులను శాసనసభ్యుడగు థియొడోరు రూజ్వెల్టునకు చూపెను. 1883లోను, మరల 1884లోను నివాసగృహములలో నీపని కూడదని శాసనములు పుట్టెను. కాని 1885లో న్యాయస్థానము, స్వగృహమున పనిచేసికొను స్వాతంత్ర్యమునకు భంగమని చెప్పి రెండవ శాసనమును కొట్టివేసెను. ఇల్లు పవిత్రమైనదే, అందు వసించు శిశువుల రొమ్ములు మాత్రము విచారణకు రాలేదు.

ఇది పరదేశపు కథయని మనము సంతసింపరాదు. నిజామాబాదు, కరీంనగరు, జగిత్యాల ప్రాంతముల స్త్రీలు ఇంటి వసారాలో బీడీలు చుట్టుదురు. తునికాకును నీట తడిపి, తడిగుడ్డలో చుట్టిపెట్టి, పదునుచేసి కత్తిరింతురు. ఆకు విషయమున వారి నేర్పు హవానావారికి తీసిపోదు. కాని ఆ పొగాకుధూళి వంటగిన్నెలపైనను, ప్రక్కన నిద్రించు బిడ్డపైనను పడుచున్నది. మన దేశమున 1966లో బీడీ, చుట్ట పనివారి కొఱకు చట్టము చేయబడెను. ఇంటి గడపలోపలి గాలిని సరిచేయుటకు చట్టమొక్కటి చాలదు.

ఒక చిన్న పెట్టెలో గాలి నూటికి 70 పాళ్ల తేమతో, 20 డిగ్రీల వెచ్చదనముతో నుండవలెనని నిర్ణయించి, వెండ్రుకతో కొలిచి, ఉప్పుతో పరీక్షించిన మనుష్యజాతికి, ఒక గదిలో మనిషి పీల్చదగిన గాలి యెట్లుండవలెనో నిర్ణయించుట కష్టముగాదు. పొగాకు నిలువకు వేఱు తావు, పనిచోట తెఱచిన కిటికీ, ముక్కునకు గుడ్డ, బిడ్డలకు దూరము: ఇవి సామాన్యమైన యుపాయములు. చుట్టకు చేసిన మర్యాదలో సగమైన దానిని చుట్టినవారికి చేసియుండిన, ఈ చరిత్ర యొండు విధముగా వ్రాయబడియుండెడిది. చదువరులారా, ఉప్పుజాడి చెమ్మగిల్లినప్పుడు మీరు మూత బిగింతురు. అప్పుడే యొకమారు మన గదుల కిటికీలును, మన వీథిలో బీడీలు చుట్టు నింటి కిటికీలును తెఱచియున్నవో లేవో చూడుడు.