అరటి ఆకు వాలిందని మోటారు వేస్తున్నారా? ముందు మట్టి తవ్వి చూడండి

అరటి ఆకులు పచ్చబడి కిందికి వేలాడితే మనవాళ్లు ముందు చేసే పని మోటారు వేయడం. పాపం మొక్క ఎండిపోతోంది, నీళ్లు చాలలేదు అనుకుంటారు. చాలాసార్లు తోట దెబ్బతినేది అక్కడే. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లిన అరటి కూడా అచ్చం నీళ్లు లేని అరటిలాగే కనిపిస్తుంది. దానికి ఇంకా నీళ్లు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కారణం సులువే. వేరు కూడా గాలి పీల్చుకోవాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే ఆ గాలి అందదు, వేరు చచ్చిపోతుంది. చచ్చిన వేరు చుట్టూ ఎన్ని నీళ్లున్నా పైకి లాగలేదు. అరటి వేళ్లలో ఎక్కువ భాగం పైన ఉండే అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. అందుకే రెండు మూడు రోజులు నీళ్లు నిలిస్తే చాలు, మొక్క తేడా చూపించడం మొదలుపెడుతుంది.

బుచ్చయ్యపేట మండలం 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. వడ్డాది, చోడవరం వైపు వరి, చెరకు పండించడం తరాల అలవాటు. వరికి మడిలో నీళ్లు నిలబెట్టిన చెయ్యే అరటికీ నీళ్లు పెడుతుంది. అరటికి నీళ్లు ఎక్కువ కావాలన్న మాట అబద్ధం కాదు, పంటకాలం మొత్తం మీద 1,800 నుంచి 2,000 మిల్లీమీటర్లు కావాలి. కానీ అందులో వాన నీరూ కలిసే ఉంటుంది. పైగా అరటికి కావలసింది తడి, మడుగు కాదు.

మరి గుర్తుపట్టేది ఎలా? ఆకు ఒక్కటే చూసి తేల్చకండి. మొదలుకు అడుగు దూరంలో, అడుగు లోతు గునపంతో తవ్వండి. మట్టి పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారకూడదు. కారితే నీళ్లు ఎక్కువైనట్టే. తర్వాత వేరు చూడండి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. మునిగిన వేరు గోధుమ రంగు, నలుపు తిరిగి, నలిపితే పై తొక్క ఊడి వస్తుంది. మట్టి మురుగు కంపు కొడుతుంది. మట్టి పొడిగా ఉండి వేరు తెల్లగా ఉంటే మాత్రం అది నిజంగా దాహమే, మోటారు వేయండి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. పనామా తెగులులో కూడా కింది ఆకులు పసుపు తిరిగి, తొడిమ దగ్గర విరిగి మొక్క చుట్టూ వేలాడతాయి. అమృతపాణి రకానికి దీని బెడద ఎక్కువ. అనుమానం ఉంటే బోదెను అడ్డంగా కోయండి. లోపల ఎర్ర గోధుమ రంగు చారలు కనిపిస్తే అది తెగులు. ఒక మొక్క దగ్గర ఉన్న శిలీంధ్రాన్ని పారే నీళ్లే పక్క మొక్కకు మోసుకుపోతాయి. అంటే తెగులు ఉన్న తోటలో కాలువ నిండా నీళ్లు వదలడం రెండింతల నష్టం. దుంప కుళ్లు అయితే మొక్కను లాగగానే పైభాగం ఊడి వచ్చి దుంప భూమిలోనే ఉండిపోతుంది, వాసన భరించలేం.

నేను చదివింది బీకాం కాబట్టి ఒక లెక్క వేసి చూశాను. ఆరడుగుల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 1,200 మొక్కలు. బిందు సేద్యంలో ఎదిగిన మొక్కకు రోజుకు 20 లీటర్లు అనుకుంటే 24,000 లీటర్లు. సెకనుకు 5 లీటర్లు తోడే మోటారు గంటకు 18,000 లీటర్లు ఇస్తుంది. అంటే గంటా ఇరవై నిమిషాల పని. కాలువల్లో వృథా అయ్యేది కలిపి రెండింతలు వేసుకున్నా మూడు గంటలు దాటదు. కరెంటు ఉచితం, ఆటో స్టార్టర్ ఉంది కదా అని వచ్చినంతసేపూ మోటారు తిరిగితే మిగతా నీళ్లు ఎక్కడికి పోతాయి? వేసిన యూరియాను కరిగించుకుని వేళ్లకు అందనంత కిందికి పోతాయి. నీళ్లు ఉచితమే, 45 కిలోల యూరియా బస్తా మాత్రం 266 రూపాయల 50 పైసలు. ఈ ఖర్చు ఖాతాలో కనిపించదు, గెల బరువులో కనిపిస్తుంది.

కాబట్టి ఆటో స్టార్టర్ తీసేయలేకపోతే కనీసం టైమర్ పెట్టించండి. పల్లపు చేనైతే మొక్కను ఎత్తుగా మట్టి వేసి నాటాలి, వరసల మధ్య అడుగున్నర లోతు మురుగు కాలువ తీసి దాన్ని చేను బయటికి కలపాలి. చాలామంది కాలువ తీస్తారు కానీ చివర మూసి ఉంచుతారు, అప్పుడది కాలువ కాదు, గుంట. నీళ్లు మొదట్లో పోయకుండా కొంచెం దూరంగా పెట్టండి. వాన పడిన వారం నీళ్ల వంతు మానేయండి.

తుపాను రోజుల్లో ఇది మరీ ముఖ్యం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ జిల్లా అరటి తోటలు ఎలా పడ్డాయో అందరికీ గుర్తే. అంత గాలికి ఏ మొక్కా ఆగదు కానీ, నానిన మట్టిలో వేరు పట్టు ముందే వదులుతుంది కాబట్టి చిన్న గాలికి కూడా గెలతో సహా ఒరుగుతుంది. గెల ఉన్న మొక్కకు వెదురు పోటు పెట్టండి. నీళ్లు నిలిస్తే మొదటి రోజే బయటికి తీయండి. ఆ వెంటనే ఎరువు వేయకండి, వేరు తీసుకోలేదు. ఆకుల మీద లీటరు నీటికి 5 గ్రాముల 13-0-45 కలిపి వారానికోసారి చల్లవచ్చు. మట్టి కాస్త ఆరాక, కుళ్లు కనిపిస్తే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు చుట్టూ పోయాలి. కొత్త వేళ్లు వచ్చాక ఎరువు సంగతి చూడొచ్చు.

పెరటి అరటి సంగతీ అంతే. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు పొద్దస్తమానం ఒకే మొక్క మొదట్లో పడుతుంటే అక్కడ బురద ఆరే సమయమే ఉండదు. గొట్టాన్ని రెండు మూడు రోజులకోసారి ఇంకో మొక్క వైపు మారిస్తే సరిపోతుంది.

ఇవన్నీ చూసినా తేలకపోతే మన మండలంలోనే కొండెంపూడిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వెళ్లేటప్పుడు ఒక్క ఆకు ఫోటో పట్టుకెళ్తే వాళ్లు కూడా చెప్పలేరు. తవ్వి తీసిన వేళ్లు, అడుగు లోతు మట్టి ఒక సంచిలో, బోదె కోసిన చోట తీసిన ఫోటో, ఆఖరిసారి నీళ్లు ఎప్పుడు ఎన్ని గంటలు పెట్టారో ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి.