జింకల వేటలో కుక్క: నిషేధం ఎవరి మీద, ఎవరి కోసం?

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు మధ్యయుగ ఇంగ్లండులో అటవీ చట్టం కుక్కల పెంపకాన్ని ఎందుకు అదుపు చేసిందో వివరించగలుగుతారు. 1217, 1390, 2004 నాటి చట్టాల ఉద్దేశాలలోని తేడాను గుర్తించగలుగుతారు. ఆ అనుభవాన్ని మన దేశపు 1972 చట్టంతో పోల్చి చూడగలుగుతారు.

ఉపోద్ఘాతం

జింకల వేటకు పోయేవాడు తన పెంపుడు కుక్కను వెంట తీసుకుపోవచ్చా? ఇది వేటగాళ్ళ సొంత వ్యవహారమనీ, చరిత్రతో దీనికి పనిలేదనీ మీకు తోచవచ్చు. అయితే ఇంగ్లండులో ఎనిమిది శతాబ్దాలకు పైగా పాలకులు ఈ ప్రశ్నకు చట్టం ద్వారా జవాబు చెపుతూ వచ్చారు. కాలం మారినప్పుడల్లా జవాబు, దానికి చూపిన కారణం కూడా మారాయి. అందువల్ల ఇటువంటి నిషేధం కనిపించినప్పుడు మీరు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. జింక ఎవరిది? కుక్క ఎవరిది? నిషేధం వల్ల నష్టపోయినవారు ఎవరు?

1. రాజుగారి అడవి

1066లో ఇంగ్లండును జయించిన నార్మన్ రాజులు అక్కడ అటవీ చట్టాన్ని ప్రవేశపెట్టారు. ఆ చట్టంలో ‘ఫారెస్ట్’ అంటే చెట్లున్న చోటు మాత్రమే కాదని గమనించండి. రాజు తన వేట కోసం ప్రత్యేకించిన ప్రాంతమంతా ఫారెస్టే. అందులో పల్లెలు, పొలాలు, పచ్చిక బయళ్ళు కూడా ఉండేవి. అక్కడి జింకలను రాజు గానీ, రాజు అనుమతి పొందినవారు గానీ తప్ప మరొకరు వేటాడకూడదు.

రాజు మాత్రం కుక్కలు లేకుండా వేటాడలేదు. వాసన పట్టి జాడ తీసే జాగిలాలు, పరుగెత్తి పట్టుకొనే గ్రేహౌండ్లు రాజవేటకు ప్రాణం వంటివి. కాబట్టి కుక్కతో వేటాడటం తప్పని ఆనాటి చట్టం భావించలేదు. దాని భయమంతా పల్లెవాసి ఇంటి ముందు కాపలా ఉండే మాస్టిఫ్ జాతి కుక్క గురించే. దొంగల నుంచీ తోడేళ్ళ నుంచీ ఇంటినీ మందనూ కాపాడే ఆ బలమైన కుక్క, జింకను కూడా పట్టగలదు.

2. గోళ్ళు నరికిన కుక్కలు

కుక్కలను పూర్తిగా నిషేధిస్తే పల్లెకు కాపలా ఉండదు. వదిలేస్తే రాజు జింకకు రక్షణ ఉండదు. ఈ చిక్కుకు అధికారులు ఒక క్రూరమైన పరిష్కారం కనుగొన్నారు. కుక్క ముందు కాలి మూడు గోళ్ళను నరికివేయడమే ఆ పరిష్కారం. దీనిని ‘లాయింగ్’ అనేవారు. ఆ కుక్క మొరగగలదు, కరవగలదు, కాని జింకను తరిమి పట్టలేదు. రెండవ హెన్రీ కాలంలో, 1184 నాటి వుడ్‌స్టాక్ శాసనం మాస్టిఫ్‌లకు ఈ పని తప్పనిసరి చేసింది. కాలిని చెక్కదిమ్మ మీద పెట్టి ఉలితో, సుత్తితో నరికే పద్ధతిని జాన్ మాన్‌వుడ్ 1598లో వెలువడిన తన అటవీ చట్ట గ్రంథంలో వివరించాడు.

మాగ్నా కార్టా గురించి మీరు చదివే ఉంటారు. దానికి తోడుగా 1217 నవంబరులో, బాలుడైన మూడవ హెన్రీ పేరు మీద అటవీ చార్టరు వెలువడింది. ఇది లాయింగ్‌ను రద్దు చేయలేదు గాని దానికి హద్దులు గీసింది. తనిఖీ మూడేళ్ళకు ఒకసారే జరగాలి. నమ్మదగిన స్థానికుల సాక్ష్యం ఉండాలి. గోళ్ళు తీయని కుక్క దొరికితే యజమాని 3 షిల్లింగులు చెల్లించాలి. అంతేగాని ఇకమీదట అతని ఎద్దును పట్టుకుపోకూడదు. అరికాలి మెత్తను కోయకూడదు. రెండవ హెన్రీ పట్టాభిషేకం నాటికి ఆచారం లేని చోట్ల కొత్తగా మొదలుపెట్టకూడదు.

ఈ నిబంధనలను వెనక నుంచి చదవండి. ఎద్దును పట్టుకుపోకూడదని రాశారంటే, అంతకు ముందు పట్టుకుపోయేవారని అర్థం. దుక్కిటెద్దు పోతే రైతుకు ఆ ఏడు సేద్యమే ఉండదు. అంటే కుక్క గోటి పేరు మీద ఒక కుటుంబం జీవనాధారం కోల్పోయేది. చట్టం దేన్ని ఆపాలని చూస్తున్నదో గమనిస్తే ఆనాటి ప్రజల ఫిర్యాదు మీకు వినిపిస్తుంది. జింకను చంపినందుకు ఎవరి ప్రాణమూ, అవయవమూ తీయరాదని కూడా ఈ చార్టరే ప్రకటించింది.

3. కుక్క ఉంటే కుట్ర ఉన్నట్లేనా?

1381లో ఇంగ్లండు రైతులు పెద్దఎత్తున తిరగబడ్డారు. తొమ్మిదేళ్ళ తరవాత, 1390లో రెండవ రిచర్డ్ పార్లమెంటు మరొక చట్టం చేసింది. ఏడాదికి 40 షిల్లింగుల రాబడినిచ్చే భూమి లేని సామాన్యుడు వేటకుక్కను ఉంచుకోరాదు. మతాధికారికి ఈ పరిమితి 10 పౌన్లు. మీరితే ఏడాది జైలు. కూలీలు, సేవకులు పండుగనాడు ప్రార్థనకు పోకుండా ప్రభువుల వనాలలో వేటాడుతున్నారనీ, వేట నెపంతో గుమిగూడి తిరుగుబాటుకు మంతనాలు చేస్తున్నారనీ ఆ చట్టం కారణం చూపింది.

ఇక్కడ జింక సంఖ్య తగ్గుతున్నదన్న బాధ లేదు. పేదలు ఆయుధాలతో, కుక్కలతో ఒకచోట చేరతారన్న భయం ఉంది. ఒకే కుక్క భూమి ఉన్నవాడి దగ్గర వినోదం, లేనివాడి దగ్గర నేరం అయింది.

4. కారణం మారింది

వేట పక్షులు, కుందేళ్ళ వేటకు ఆస్తి అర్హత కావాలన్న నియమం 1831లో రద్దయింది. 2004లో చేసిన వేట చట్టం ఇంగ్లండు, వేల్స్‌లలో 2005 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం కుక్కలతో అడవి క్షీరదాలను వేటాడటం, కొన్ని మినహాయింపులు తప్ప, నేరం. నిర్ణీత షరతుల కింద జింకను పొదలోనుంచి బయటికి తోలి తుపాకితో కాల్చడానికి రెండు కుక్కలకు మించకుండా వాడవచ్చు. ఇప్పుడు చట్టం చూసేది యజమాని ఆస్తిని కాదు, జంతువు పడే బాధను. భూస్వామికీ కూలీకీ నియమం ఒకటే.

5. మన దేశంలో

మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఇటువంటి చట్టం కావాలని తీర్మానించి పార్లమెంటును కోరిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్లో లైసెన్సు వేట ఉండేది. అయితే లైసెన్సు ఉన్నవారు కూడా నీటిపక్షులు, కౌజులు వంటి కొన్ని పక్షులకు తప్ప కుక్కలను వాడరాదని 17వ సెక్షను చెప్పింది. 1991 సవరణతో లైసెన్సు వేటే పోయింది. నేడు పొలానికి కాపలా కుక్కను పెంచుకోవడం నేరం కాదు. చంపడానికో పట్టడానికో దాన్ని జింక మీదికి ఉసిగొల్పితే అది వేటే అవుతుంది.

ఇక్కడ జింక రాజుది కాదు, ఎవరి వినోదానికీ దాచింది కాదు. ఇది పెద్ద మార్పు. అయినా మూడవ ప్రశ్నను మరవకండి. నల్లమల చెంచులు విల్లంబులతో, కుక్కలతో వేటాడి బతికినవారు. 1972 చట్టం వేట హక్కును మినహాయించింది నికోబార్ దీవుల గిరిజనులకు మాత్రమే. అటవీ హక్కుల చట్టం, 2006 కూడా సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేటను పక్కన పెట్టింది. అందరికీ ఒకటే అయిన నియమం అందరి మీదా ఒకే బరువు మోపదు. వినోదం కోసం వేటాడినవారు వినోదాన్ని వదులుకున్నారు. చెంచులు తిండినీ నేర్పునూ వదులుకోవలసి వచ్చింది. జింకను కాపాడటం అవసరమని ఒప్పుకుంటూనే ఈ తేడాను నమోదు చేయడం చరిత్రకారుడి బాధ్యత.

సారాంశం

వేటలో కుక్కపై నిషేధం 1217 నాటికి రాజు హక్కును, 1390లో ప్రభువుల భయాన్ని, 2004లో జంతువు పట్ల కరుణను తెలిపింది. మన దేశంలో వన్యప్రాణి మనుగడ దాని లక్ష్యం. నిషేధం ఒకటిగానే కనిపించినా, దాని వెనక ఉన్న సమాజాలు వేరు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 1217 చార్టరులోని ఎద్దు ప్రస్తావన నుంచి మీరు గ్రహించేదేమిటి?
2. 1390 చట్టాన్ని 1381 తిరుగుబాటుతో ముడిపెట్టి వివరించండి.
3. మీ ఊరి పెద్దలను అడిగి, ఒకప్పుడు అక్కడ ఎవరు, ఎందుకు వేటాడేవారో ఒక పేజీ రాయండి.