సంక్షిప్త రొమ్ము ఎమ్మారై

రొమ్ము క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టుకునే ఎమ్మారై స్కానింగ్‌కు కుదించిన రూపం. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో హానికర మార్పులున్న స్త్రీలలో 80 ఏళ్లలోపు సుమారు 70 శాతం మందికి ఈ జబ్బు వస్తుంది. అందుకే 25 ఏళ్ల నుంచే ఏటా ఎమ్మారై చేయించుకోమంటారు. ఈ కుదించిన పద్ధతిలో బోర్లా పడుకోబెట్టి, గాడోలినియం మందు ఎక్కించే ముందు ఒకసారి, ఎక్కించిన కాసేపటికే మరోసారి చిత్రాలు తీస్తారు. రెండోదాంట్లోంచి మొదటిదాన్ని కంప్యూటర్ తీసివేస్తే, మందును త్వరగా పీల్చుకున్న కణితి తెల్లగా బయటపడుతుంది. జర్మనీ రేడియాలజిస్టు క్రిస్టియానె కూల్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో 17 నిమిషాల స్కాన్ 3 నిమిషాలకు తగ్గింది. బయటపడ్డ 11 క్యాన్సర్లలో ఒక్కటీ తప్పిపోలేదు. అయితే అందులో పాల్గొన్నవారు ముప్పు స్వల్పంగానో మధ్యస్థంగానో పెరిగినవారే. అయినా ఏళ్ల తరబడి ఎమ్మారై యంత్రంలోకి వెళ్లాల్సినవారికి స్కాన్ సమయం తగ్గడం చిన్న ఊరట కాదు. కుటుంబంలో చిన్న వయసులోనే రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చినవారుంటే జన్యుపరీక్ష గురించి వైద్యుణ్ని తప్పక అడగాలి.