స్పార్టా స్త్రీల భూస్వామ్యము

ప్రాచీన గ్రీసునందు స్వేచ్ఛకుఁ బేరొందినది ఏథెన్సు. కఠినశిక్షణమునకుఁ బేరొందినది స్పార్టా. స్త్రీల యాస్తి విషయమున నీ ప్రసిద్ధి తలక్రిందగుచున్నది.

ఏథెన్సు స్త్రీ యొక మెదిమ్నము, అనఁగా సుమారు 52 లీటర్ల యవల విలువకు మించిన బేరమును స్వయముగాఁ జేయరాదు. సోదరులు లేని కన్యను, తండ్రి యాస్తితోఁగూడ, సమీపజ్ఞాతి పరిగ్రహింప నర్హుఁడు.

స్పార్టాలో నన్ననో కుమార్తెలకును భూమి సంక్రమించెడిది. బాలికలకు సైతము పరుగుపందెములు, వ్యాయామము నుండెను. అగెసిలాసు రాజు సోదరి కినిస్క, క్రీ. పూ. 396 ప్రాంతమున, తాను పోషించిన గుఱ్ఱములచే ఒలింపియా రథపందెమున జయమందెను.

స్పార్టా భూమిలో నించుమించు ఐదింట రెండుపాళ్లు స్త్రీలదని అరిస్టాటిలు వ్రాసి, దానిని రాజ్యదోషములలో నొకటిగా నెన్నెను. పౌరులు తఱిగిపోయిన మాట నిజమే. క్రీ. పూ. 480లో 8,000 మంది కలరని హెరొడోటసు. 371లో ల్యూక్ట్రా రణమునకు వచ్చిన 700 మందిలో 400 మంది కూలిరని జెనొఫను. అయినను నేరమంతయు స్త్రీలపై మోపుట న్యాయము కాదు. సహపంక్తి భోజనమునకుఁ దన వంతు ధాన్యము చెల్లింపలేని పురుషుఁడు పౌరత్వమునే కోలుపోవును. భూమి కొలఁదిమంది చేతఁ జేరినకొలఁది నిట్టివారు పెరిఁగిరి. ఈ నిబంధనను అరిస్టాటిలే మఱియొకచోట నిందించెను.

ఆ ధాన్యమును బండించినవారు హెలాటులను దాసులు. భూమి స్త్రీ పేర నున్నను, పురుషుని పేర నున్నను, వారి మెడపైనుండి కాఁడి దిగలేదు.