పంచె చాటు నొప్పి

వరంగల్ పరిసరాల్లో పాతతరం మగవాడికి ఒంటికి పోతుంటే మంట పుడితే చెప్పే మాట ఒకటే: వేడి చేసింది. పొత్తికడుపు లాగినా, వృషణాలు బరువెక్కినా, నడుము నుంచి గజ్జల్లోకి నొప్పి దిగినా అదే మాట. మందు కూడా అదే: బార్లీ నీళ్లు, ఉలవకట్టు, పల్లేరుకాయల కషాయం, కొండపిండాకు రసం. ఎండలు మండిపోయే ఊళ్లో వేడిని అనుమానించడం తెలివితక్కువేమీ కాదు. చెమటగా పోయిన నీటిని తిరిగి తాగకపోతే మూత్రం చిక్కబడి రాళ్లు కడతాయి. చిక్కల్లా ఆ ఒక్క మాట చాటున నాలుగైదు వేర్వేరు జబ్బులు దాక్కోవడమే.

వాటిలో గ్రంథాలకు ముందుగా ఎక్కింది రాయి. సుశ్రుత సంహిత అశ్మరిని, అంటే ఈ రాయిని, నాలుగు రకాలుగా విడదీసింది, అది పిల్లల్లోనే ఎక్కువని గమనించింది. కషాయాలకు లొంగనప్పుడు మలద్వారానికి పైన కోసి మూత్రాశయంలోంచి రాయి తీసే పద్ధతిని వివరించింది. కోయకపోతే చావు ఖాయం, కోస్తే బతుకు అనుమానం కాబట్టి ప్రభువు అనుమతి తీసుకున్నాకే కత్తి పట్టమని వైద్యుడిని హెచ్చరించింది కూడా. ధాన్యం తప్ప పాలూ పప్పూ పెద్దగా ఎరగని ఇళ్ల మగపిల్లల్లో ఈ మూత్రాశయపు రాళ్లు ఎక్కువగా ఉండేవి. తిండి మెరుగుపడ్డాక అవి అరుదయ్యాయి. రాయి మాత్రం పోలేదు. మూత్రపిండానికి మకాం మార్చి పెద్దవాళ్లను పట్టుకుంది.

కాకతీయుల ఓరుగల్లు రాజ్యంలో ఆసుపత్రులు లేకపోలేదు. రుద్రమదేవి కాలంలో, 1261 నాటి మల్కాపురం శాసనం కృష్ణ ఒడ్డున మందడం దగ్గర ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ గ్రామాల రాబడిలో వాటా రాసిచ్చింది. కాన్పుకు ఆనాడే ప్రత్యేకంగా ఒక శాల ఉంది. మగవాడి మర్మస్థానపు బాధకు అలాంటి ప్రత్యేక చోటు దొరకడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

తెలంగాణ పల్లెలు ఎక్కువగా ఎరిగిందీ, ఎక్కువగా దాచిందీ వరిబీజం. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగే దీనికీ కారణం. పెద్ద పురుగులు వృషణాల సంచిలోని శోషరస నాళాల్లో కాపురం పెడతాయి. అవి చచ్చినప్పుడు వాపు, జ్వరం, భరించలేని నొప్పి. ఆ తర్వాత ఏళ్ల తరబడి నీరు చేరి బరువు. దీన్ని మోసే క్యూలెక్స్ దోమకు కాకతీయుల చెరువులకంటే ఊరి మురుగు కాలువే ముద్దు. కాబట్టి తప్పు పాకాలదో రామప్పదో కాదు, వాడ వెనక మోరీది. పురుగు పిల్లలు రక్తంలోకి రాత్రిపూటే వస్తాయి. అందుకే 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఆరోగ్య సిబ్బంది జనం పడుకునే వేళకు తలుపులు తట్టి వేళ్లకు సూది గుచ్చాల్సి వచ్చింది.

ఈ పురుగుకు మందు వచ్చిన దారిలో ఒక తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలను నడిపిస్తున్న రోజుల్లోనే, 1947లో, హెట్రజాన్ అనే ఆ మందు వెలుగు చూసింది. డీఈసీ పేరుతో ఇళ్లకు తెచ్చి మింగిస్తున్నది ఆ మాత్రనే. 2004 నుంచి దేశమంతటా ఫైలేరియా జిల్లాల్లో సామూహికంగా పంచారు. అయితే చేరిన నీరు మాత్రతో పోదు. సూదితో తీయించుకుంటే కొన్నాళ్లకు మళ్లీ నిండుతుంది, శస్త్రచికిత్సే దారి. 1959లో వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల వచ్చి, అక్కడి ఎంజీఎం ఆసుపత్రి దాని బోధనాసుపత్రి అయ్యాక ఇలాంటి ఆపరేషన్లకు హైదరాబాద్ బండెక్కాల్సిన అగత్యం తగ్గింది. అయినా సిగ్గు తగ్గలేదు. ఉబ్బిన కాలు నలుగురికీ కనబడుతుంది, బోదకాలుకు ప్రభుత్వ పింఛను కూడా ఉంది. వరిబీజం మాత్రం బట్ట చాటునే ఉండిపోయింది.

ఇక మంటంటే చాలు, ఊరు సెగరోగమని చెవులు కొరుక్కునేది. పడుచువాళ్లలో లైంగికంగా సోకే క్రిములు వృషణాల వెనక నాళాన్ని వాపెక్కిస్తాయి, నిజమే. వయసు మళ్లినవాడికి మాత్రం ప్రోస్టేట్ పెరిగి మూత్రం నిలిచిపోయి, పేగుల్లో ఉండే క్రిములే అక్కడికి చేరి అదే వాపు తేవచ్చు. పరువు తూచే తక్కెడ ఇద్దరికీ ఒకటే కావడం అన్యాయం.

ఇంకో నొప్పికి క్రిమీ లేదు, రాయీ లేదు. నెలల తరబడి కటిలో, వృషణాల వెనక సలుపుతుంది. ప్రోస్టేట్ వాపని యాంటిబయాటిక్కులు పదే పదే రాసేవారు. 1990లలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ప్రోస్టేట్ వాపును నాలుగు తరగతులుగా విడదీశాక, ఎక్కువమంది క్రిమి లేని మూడో తరగతివాళ్లేనని స్పష్టమైంది. వారిలో చాలామందికి కటి అడుగు కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. మాత్రలకంటే ఫిజియోథెరపీకే మెరుగయ్యేవాళ్లు ఉన్నారు.

వీటన్నిటిలో గంటలు లెక్కపెట్టాల్సింది ఒకటుంది. పదిపన్నెండేళ్లు దాటిన కుర్రాడికి వృషణం ఉన్నట్టుండి మెలిపడితే రక్తం ఆగిపోతుంది. సుమారు ఆరు గంటల్లోపు మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది, ఆలస్యమైన కొద్దీ ఆశ సన్నగిల్లుతుంది. సిగ్గుపడి కుర్రాడు కడుపునొప్పి అనే చెబుతాడు. కొన్నిసార్లు నొప్పి నిజంగానే కడుపులో తెలుస్తుంది కూడా. అందుకే కడుపునొప్పితో వచ్చిన మగపిల్లవాడి వృషణాలు చూడకుండా పరీక్ష ముగించవద్దని శస్త్రవైద్య పాఠాల్లో నేర్పుతారు.