లంఖణం, గంజి, చిటికెడు ఉప్పు

1827 జులై 6న పత్తికొండలో మద్రాసు గవర్నరు థామస్ మన్రో వాంతిభేదితో చనిపోయాడు. పొద్దున పట్టుకున్న రోగం రాత్రికల్లా ప్రాణం తీసింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందు దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసి, జనం తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంత చనువు సంపాదించిన మనిషి. ఆ కాలంలో దొరల వైద్యులకు కలరా మందులంటే నల్లమందు, పాదరసపు కాలొమెల్, చెయ్యి కోసి రక్తం తీయడం. ఒంట్లో నీరంతా పోతున్న మనిషికి నెత్తురు కూడా తీసేవాళ్ళు. గవర్నరుకే దిక్కు లేని ఆ రోజుల్లో పత్తికొండ గుడిసెల్లో పోయిన చంటిబిడ్డల లెక్క ఎవరు రాసిపెట్టారు?

ఇళ్ళల్లో వైద్యం వేరే ఉండేది. బేదులైతే పళ్ళొస్తున్నాయన్నారు, దిష్టి అన్నారు. బిడ్డ చిక్కిపోతే పక్షిదోషమన్నారు. ఊరంతా పడితే మారెమ్మకు మొక్కారు. వీటన్నిటి కంటే బిడ్డలకు ఎక్కువ చేటు చేసింది, నా లెక్కన, ఒక సామెత: లంఖణం పరమౌషధం. తిండి ఎక్కువై కడుపు చెడిన పెద్దమనిషికి అది చక్కగా పనిచేస్తుంది. నెలల తరబడి సగం కడుపుతో ఉన్న పసిదానికి రెండు రోజులు పాలూ కూడూ ఆపితే ఇంకేం మిగులుతుంది? చిత్రమేమిటంటే ఆ ఇంట్లోనే విరుగుడూ ఉండేది. ఉప్పురాయి వేసిన గంజి, పలచని మజ్జిగ. ఒక అవ్వ వద్దంటే ఇంకో అవ్వ ఉగ్గుగిన్నెతో పట్టేది. ఏ అవ్వ మాట నెగ్గితే బిడ్డ గతి అది.

గంజి విలువ ఈ రాయలసీమకు కరువులు నేర్పాయి. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గాదెలు తెరిచి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. పదేళ్ళకు వచ్చిన ధాత కరువు, 1876-78 నాటిది, ఒక దాత చేతికి అందేది కాదు. 1871 జనాభా లెక్కలతో 1881 లెక్కలు పోలిస్తే కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగోవంతు తగ్గిపోయారు. కరువు పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలు చాలునని సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ అడ్డం తిరిగాడు. పప్పూ కూరా లేకుండా గింజలొక్కటే పెడితే పనిచేసే ఒళ్ళు నిలవదన్నాడు.

ఆ కరువు శిబిరాల్లో వైద్యులను కలవరపెట్టింది ఆకలి చావులు ఒక్కటే కాదు. శిబిరానికి చేరి, అన్నం తిన్నవాళ్ళు కూడా బేదులతో పోయేవాళ్ళు. పోర్టర్ అనే సర్జన్ మద్రాసులో శవాలు కోసి చూసి, 1889లో ఒక పుస్తకమే అచ్చువేశాడు. పస్తులతో పేగు కూడా అరిగిపోతుందని, అరిగిన పేగు తిండిని పట్టుకోలేదని ఆ తరం వైద్యులు కళ్ళారా చూశారు. ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

నీళ్ళ సంగతి వేరే దారిలో తేలింది. మన్రో పోయిన అయిదేళ్ళకే, 1832లో, స్కాట్లండులో థామస్ లట్టా ఉప్పునీళ్ళు నరంలోకి ఎక్కించాడు, లోకం మరిచిపోయింది. 1953లో కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు నోటితోనే తాగించి కలరా రోగులను నిలబెట్టాడు. అదీ పక్కన పడింది. గ్లూకోజూ సోడియమూ జంటగా పేగు గోడ దాటుతాయని 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పాక ఆ వైద్యానికి శాస్త్రం దొరికింది. సోడియం వెంటే నీరూ పోతుంది. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఆ నీళ్ళు కలిపి బంధువుల చేతే తాగించాడు. మరణాలు నూటికి ముప్పై దాకా ఉన్నచోట నాలుగు లోపుకు వచ్చాయి. మన అవ్వ గంజిలోనూ ఉన్నది అదే సూత్రం: పిండిపదార్థం విరిగి గ్లూకోజవుతుంది, ఉప్పురాయి సోడియమిస్తుంది.

తిండి సంగతి తేల్చినవాళ్ళు హైదరాబాదువాళ్ళు. కూనూరు నుంచి 1958లో తార్నాకకు వచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో గోపాలన్ బృందం ఒళ్ళు ఉబ్బిన బిడ్డలనూ ఎముకల గూడైన బిడ్డలనూ పక్కపక్కన పెట్టి చదివింది. వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20: ఆ సంస్థ చెప్పిన హైదరాబాద్ మిక్స్ ఇంతే, 330 కేలరీలు. లారీలకెత్తి వేరుశనగను బయటికి పంపే జిల్లాల బిడ్డలకు పది గ్రాముల విత్తనాలు మందుగా రాయాల్సి రావడం మన సేద్యం మీద పెద్ద వ్యాఖ్యానం.  

నీళ్ళ విద్య, తిండి విద్య, ఈ రెండూ కలవాల్సిన చోటే అసలు చిక్కు. పుష్టిగా ఉన్న బిడ్డకు పనికొచ్చిన కొలత బక్కబిడ్డకు పనికిరాదు. కళ్ళు లోతుకు పోయాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటోంది, నీరు పోయింది అనుకుంటాం. కొవ్వు కరిగిపోయిన బిడ్డకు బేదులు లేని రోజు కూడా కళ్ళూ చర్మమూ అలాగే ఉంటాయి. ఇంకో బిడ్డ పాదాలు ఉబ్బి నిండుగా కనిపిస్తాడు, నరాల్లో మాత్రం నీరు చాలకపోవచ్చు. లోపలి సంగతి ఇంకా తిరకాసు. కణాల్లో సోడియం పేరుకుని, పొటాషియం తరిగిపోయి ఉంటుంది. గుండె కండరమూ సన్నబడి ఉంటుంది. కంగారుపడి సెలైన్ బాటిలు జోరుగా వదిలితే ఆ గుండె మోయలేదు.

అందుకే 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి బిడ్డలకు రీసోమాల్ అనే వేరే నీళ్ళు చెప్పింది. లీటరులో కలపాల్సిన నాటి ఓఆర్ఎస్ (ఉప్పు, గ్లూకోజుల పొడి) పొట్లాన్ని రెండు లీటర్లలో కలిపి, 50 గ్రాముల చక్కెర, పొటాషియం, జింకు ఉన్న ఖనిజాల ద్రావణం 40 మిల్లీలీటర్లు చేర్చాలి. వార్డులో అది ఇచ్చే తీరు చూస్తే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది. ఆరు కిలోల బిడ్డకు అరగంటకు 30 మిల్లీలీటర్లు, గుక్కెడు. నర్సు నాడి లెక్కపెడుతుంది, ఊపిరి లెక్కపెడుతుంది. రెండూ పెరుగుతుంటే నీళ్ళు ఎక్కువయ్యాయని ఆపుతుంది. నరంలోకి సెలైన్ షాక్‌లో ఉన్న బిడ్డకే. రెండు గంటలు దాటాక ఒక గంట ఈ నీళ్ళు, ఒక గంట ఎఫ్-75 పాలు, వంద మిల్లీలీటర్లకు 75 కేలరీలవి. అంతకు మించి మొదటి రోజుల్లో తిండీ పెట్టరు. పస్తుల ఒంటికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ఏమవుతుందో ధాత కరువు శిబిరాలే చూపాయి. తల్లి పాలు మాత్రం ఆపే ప్రసక్తే లేదు. లంఖణానికి ఈ వైద్యంలో చోటు పోయింది.

మామూలు ఓఆర్ఎస్‌లో కూడా 2002లో ఉప్పు తగ్గించారు. 2004 నుంచి దాని వెంట రెండు వారాల జింకు మాత్రలు. రోటావైరస్ బేదులకు అడ్డుపడే, హైదరాబాదులో తయారైన రోటావాక్ టీకా చుక్కలు 2016లో తొలి విడత నాలుగు రాష్ట్రాలకు అందితే మన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఇంటికొచ్చేసరికి మాత్రం పొట్లం సగం గ్లాసులోకి, మిగతా సగం రేపటికి. అంత చిక్కటి ఉప్పునీళ్ళు పసిపేగుకు మేలు చేయవు. ఒకప్పుడు లీటరంటే ఎంతో చెప్పడమే కష్టంగా ఉండేది. ఇప్పుడు లీటరు నీళ్ళ సీసా లేని ఇల్లు లేదు, కొలత దొరికింది. దొరికిందో లేదో అంగళ్ళలో ఓఆర్ఎస్ పేరు తగిలించిన తీపి పానీయాల డబ్బాలు వచ్చాయి. చక్కెర ఎక్కువైతే బేదులు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆజ్ఞ ఇచ్చింది.

2021 ఏప్రిల్‌లో పాణ్యం మండలం గోరుకల్లులో, ఆదోనిలో బేదులు ప్రబలితే మళ్ళీ వేళ్ళన్నీ తాగే నీటి వైపే తిరిగాయి. నీటి సంగతి అలా ఉంటే, బక్కబిడ్డను పోషణ పునరావాస కేంద్రంలో రెండు వారాలు ఉంచి, బరువు పెరిగాక పంపుతారు. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి చొప్పున నాలుగుసార్లు తెచ్చి చూపించమంటారు. కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు చేను ఎండితే జనం సుగ్గికి, అంటే వలస కూలికి, కదులుతారు. మూడోసారి చూపించాల్సిన తారీకుకు ఆ తల్లి గుంటూరు వైపు మిరప చేలో ఉంటుంది. బిడ్డ గట్టు మీద పట్ట కింద, పక్కన కాలువ నీళ్ళ బిందె.