చదరపు గడుల్లో బొమ్మలు



మాది రాజపాళెం పక్కన మంసాపురం. బడిలో తమిళంలో పాఠం చెప్పి, ఇంటికొచ్చి తెలుగు మాట్లాడే టీచరును నేను. కిందటేడు ప్లస్ వన్ చదివే ఒక పిల్లవాడి లెక్కల నోటు లాక్కుని బీరువాలో పెట్టేశాను. గ్రాఫు కాగితం మీద గ్రాఫు లేదు. గడి గడికీ రంగు నింపి కత్తి పట్టిన వీరుణ్ణి వేశాడు. అదే వీరుడు నాలుగు చోట్ల, నాలుగు అడుగుల్లో. "ఇదేం చదువురా?" అంటే, "కంప్యూటర్ ఆటలకు బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాను టీచర్" అన్నాడు. వాళ్ల నాన్న మిల్లులో షిఫ్టు పని చేస్తారు. "వీడు ఇంజనీరింగు చదవాలి. ఈ బొమ్మలు అన్నం పెడతాయా? మీరే చెప్పండి టీచరమ్మా" అని నన్నే అడిగారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్న సంగతులే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆటకు బొమ్మ వేయడం కొత్త పని కాదు. వైకుంఠ ఏకాదశి జాగరణకు మనం పరచుకునే పరమపద సోపాన పటాన్నే తీసుకోండి. పాము తల ఏ గడిలో ఉండాలో, నిచ్చెన కాలు ఏ గడిలో ఆనాలో ఆట తెలిసినవాడే వేయగలడు. గంజిఫా ముక్కలూ అంతే. దశావతార గంజిఫాలో అవతారానికి 12 చొప్పున 120 గుండ్రటి ముక్కలు. అరచేతిలో విప్పి పట్టుకుంటే మత్స్యమో కూర్మమో చప్పున తెలియాలి. అందం ఆ తర్వాతి మాట.

కంప్యూటర్ ఆటలు వచ్చిన కొత్తలో ప్రోగ్రాము రాసేవారే ఏదో ఒక బొమ్మ కూడా పెట్టేసేవారు. జపానులో పారిశ్రామిక డిజైను చదివిన షిగెరు మియామోతో 1977లో నింటెండో సంస్థలో చేరారు. 1981లో ఆయన చేసిన డాంకీ కాంగ్ ఆటలో తర్వాత మారియోగా పేరుపడ్డ వీరుడున్నాడు. ఆ బొమ్మకు దొరికిన చోటు చాలా కొద్ది గడులు. జుట్టు వేయడం కష్టమని టోపీ పెట్టారు. నోరు వేసే చోటు లేక మీసం పెట్టారు. చేతులు ఊపితే కనబడాలని చొక్కాకు ఒక రంగు, పై దుస్తుకు మరో రంగు ఇచ్చారు. లోకమంతా గుర్తుపట్టే ఆ రూపం చోటు చాలక పుట్టింది!

మరొకరు అమెరికా చిత్రకారిణి సుసాన్ కేర్. 1984లో వచ్చిన మాకింటోష్ కంప్యూటరుకు చిన్న చిన్న గుర్తులు గీశారు. అంతకు ముందు ఆమెకు కంప్యూటరు పని తెలియదు. గడుల నోటుపుస్తకం కొనుక్కుని, అడ్డం 32, నిలువు 32 గడుల్లో పెన్సిలుతో సాధన చేశారు. 1990లో విండోస్‌తో వచ్చిన సాలిటేర్ ఆటలోని పేక ముక్కలు కూడా ఆమె వేసినవే. ధనుర్మాసంలో వాకిట్లో చుక్కలు పెట్టి, వాటి మధ్య నెమలినో రథాన్నో ఇమిడ్చే మన ఆడవాళ్లకు ఈ పని వింతగా తోచదు. మా అమ్మ పదిహేను చుక్కల ముగ్గులో పట్టనిది లేదనేది.

1990ల్లో ఆట బొమ్మకు మూడు వైపులా రూపం వచ్చింది. అప్పుడు పని ముక్కలైంది. కొండపల్లి బొమ్మ ఎలా చేస్తారో గుర్తు చేసుకోండి. తెల్ల పొణికి కర్ర చెక్కుతారు, చింతగింజల మక్కుతో అతుకుతారు, చివర రంగులు పూస్తారు. కంప్యూటర్లోనూ ఒకరు ఊహా చిత్రం గీస్తే, ఒకరు రూపం చెక్కుతారు, ఒకరు దానికి చర్మమూ బట్టా రంగుతో కప్పుతారు, ఇంకొకరు నడిపిస్తారు. రూపం మరీ నునుపుగా చెక్కితే చిన్న ఫోను ఆ బరువు మోయలేదు. పొదుపు అక్కడా తప్పదు.

మన దేశంలో ఈ పనికి దారి వేసినవారిలో బెంగళూరు ధ్రువ ఇంటరాక్టివ్ ఒకటి. 1997లో మొదలై, విదేశీ ఆటలకు కార్లూ వీధులూ చేసి పెట్టింది. 2019లో రాక్‌స్టార్ సంస్థ దాన్ని కొనుక్కుంది. పరాయి ఆటకు బొమ్మ చేసినవారికి జీతం దక్కుతుంది గాని కథ తమది కాదు. 2020లో పుణెవారు విడుదల చేసిన "రాజీ" అందుకు భిన్నం. కథ మనది, దుర్గా విష్ణువులు మనవారు. కథ చెప్పే చోట తోలుబొమ్మల్లాంటి నీడబొమ్మలే కదులుతాయి.

ఇక ఆ తండ్రికి నేనిచ్చిన జవాబు. ప్లస్ టూ మానిపించవద్దు. బొమ్మ చేయి నిలవాలంటే 1850లో మొదలైన చెన్నై లలితకళా కళాశాల ఉంది. డిగ్రీ అయ్యాక బెంగళూరులో జాతీయ డిజైన్ సంస్థవారి ఆటల రూపకల్పన చదువు ఉంది. లక్షలు కట్టించుకునే కోర్సు ఏదైనా సరే, అక్కడ చదివినవారు చేసిన పని చూడకుండా పైసా కట్టవద్దు. ఈలోగా క్రిటా, బ్లెండర్ అనే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రోగ్రాము రాసే స్నేహితుణ్ణి ఒకణ్ణి వెతుక్కుని, గొడో అనే మరో ఉచిత సాధనంతో చిన్న ఆట ఒక్కటి పూర్తి చేయమన్నాను. పని ఇచ్చేవారు సగం వేసిన వంద బొమ్మలకన్నా ఆటలో నడిచే ఒక్క బొమ్మను ముందు చూస్తారు.

నోటు తిరిగి ఇచ్చేశాను. పిల్లవాడిప్పుడు శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ గుడి గోపురాన్ని బ్లెండర్‌లో చెక్కుతున్నాడు. మూడో అంతస్తు దగ్గర కంప్యూటరు మొరాయిస్తోందట. "బొమ్మలు తగ్గించరా" అన్నాను. "ఏవి తగ్గించాలి టీచర్?" అని అడిగాడు. వచ్చే ఆదివారం ఇద్దరం గుడికి వెళ్లి చూసి వద్దామనుకున్నాం. వాళ్ల నాన్నగారు కూడా వస్తామన్నారు.